కంచె వెలుపలి కర్తవ్యము

జహీరాబాదు అన్నంతనే చెరకు బండ్లు, అల్లపు చేలు, ముంబయి రహదారి, ట్రాక్టర్ల కర్మాగారము తలపునకు వచ్చునే గాని టెన్నిసు రాదు. అట్టి యూరివాడను, పుట్టి బుద్ధి యెరిగిన తరువాత ఒక్కనాడైనను రాకెట్టు చేతబట్టి యెరుగనివాడను, పిల్లలకు ఆ యాట నేర్పించు తల్లిదండ్రులకు హితవు చెప్పబూనుట సాహసమే యగును. అయినను, ఒకానొక యుదయమున నేను చేసిన తప్పిదమే నాకీ విషయమున కొంత యధికారమును సంపాదించి పెట్టినదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కిందటి చలికాలమున నా మనుమరాలిని వెంటబెట్టుకొని హైదరాబాదునకు పిల్లల పోటీ కొకదానికి పోయితిని. దానికి పదేండ్లు నిండి కొన్ని నెలలే. ఇట్టి పోటీలలో తొలి రౌండ్లకు సాధారణముగా అంపైరు ఉండడు. తన వైపున పడిన బంతి గీత లోపల పడినదో వెలుపల పడినదో ఆడు పిల్లలే చెప్పుకొనవలయును. సందేహము కలిగినచో ఆ లాభము ఎదుటివారికే దక్కవలయునని నియమము. ఆట సమముగా నడుచుచున్న ఘట్టమున, అవతలి పిల్ల కొట్టిన బంతి మా పిల్ల వెనుకనున్న గీత దాపున పడి సాగిపోయెను. మా పిల్ల బంతి పడిన చోటు చూడలేదు. తల త్రిప్పి, కంచె తీగలు రెండు చేతులతో పట్టుకొని నిలబడియున్న నా ముఖము చూచెను. నేను, ఏ దేవుడు నా బుద్ధిని పెడత్రోవ పట్టించెనో గాని, చూపుడువ్రేలు పైకెత్తితిని. అదియు వెంటనే తన వ్రేలు పైకెత్తి "ఔట్" అనెను. అవతలి పిల్ల మారుమాటాడలేదు. గీత వంక ఒక్కసారి, కంచె వంక ఒక్కసారి చూచి, జేబులోనుండి ఇంకొక బంతి తీసికొని తన చోటికి నడిచిపోయెను. ఆ చూపు నాకు నేటికిని మరపునకు రాలేదు.

సాయంకాలము బస్సులో తిరిగి వచ్చుచుండగా, సదాశివపేట దాటిన పిదప, అంతవరకును కిటికీలోనుండి బయటికి చూచుచున్న పిల్ల మెల్లగా అన్నది: "తాతా, ఆ బాల్ నాకు కనవడలే. నువ్వు వేలు లేపినవని ఔటన్న." నేను బదులు చెప్పలేకపోతిని. మరికొంత దూరము పోయిన తరువాత అదియే మరల, "నువ్వు ఆడ నిలవడితె నేను నిన్నే జూస్త, బాల్ జూడ" అన్నది. పరుషముగా అనలేదు, బడిలో జరిగిన సంగతి చెప్పినట్లు చెప్పినది. అరువదియేండ్లు దాటిన నాకు ఆ పసిది చెప్పిన పాఠము అదియే.

కోర్టు చుట్టునుగల తీగల కంచె బంతులు బయటికి పోకుండుటకని లోకము తలచును. పెద్దలు లోనికి పోకుండుటకును అదియే హద్దని నాకానాడు బోధపడినది. కబడ్డీలో పడిపోయిన పిల్లవానిని లేపుటకు జట్టువారుందురు. క్రికెట్టులో సున్నకు ఔటైనవాడు పోయి తోటివారి నడుమ కూర్చుండును. టెన్నిసులో ఒంటిగా నిలచిన పసివానికి తోడెవ్వరును లేరు. ఆట నడుచుచుండగా వెలుపలినుండి సలహా యందించుటను ఈ క్రీడ చిరకాలము నిషేధించినది. ఇటీవల ఆ నియమము కొంత సడలినను, బంతి గాలిలోనున్న క్షణమున నిర్ణయము తీసికొనవలసినవాడు పిల్లవాడొక్కడే. ఈ ఒంటరితనమే ఆ యాటయొక్క కష్టము, ఆ యాట యిచ్చు విద్యయు నదియే. అందుచేత, కంచె లోపలికి చేతిసైగయై, కేకయై, కోపపు చూపై చొరబడు తండ్రి, తాను ఏ విద్యకై ఫీజు కట్టుచున్నాడో ఆ విద్యనే బిడ్డకు అందకుండ చేయుచున్నాడు. అట్లని పెద్దలకు పనిలేదని కాదు. కంచె వెలుపల వారికి గంపెడు పని యున్నది.

అందు మొదటిది, ఆటను బిడ్డ కొలతకు తగ్గించుట. టెన్నిసు కోర్టు 78 అడుగుల పొడవు; ఒంటరి యాటకు వెడల్పు 27 అడుగులు. మన యిండ్ల స్థలముల లెక్కలో చెప్పినచో 26 గజములు పొడవు, 9 గజములు వెడల్పు. నడుమ వల ఎత్తు సరిగా ఒక గజము. ఆరేండ్ల పిల్లవానికి ఆ వల రొమ్ముదాక వచ్చును. పసుపుపచ్చని మామూలు బంతి నేల తాకి లేచినచో తలమీదుగా పోవును. 27 అంగుళముల పెద్దల రాకెట్టు వాని చేతికి రోకలివలె తోచును. అట్టి పిల్లవాడు బంతిని కొట్టడు. బంతినుండి తన్ను తాను కాపాడుకొనును. మణికట్టు మెలివేసి, రెండడుగులు వెనుకకు గంతు వేసి, ఎట్లో అవతలికి నెట్టును. ఆనాడు పడిన వంకర పట్టు పదేండ్లయినను వదలదు. ఈ చిక్కు గ్రహించియే అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య ఎరుపు, నారింజ, ఆకుపచ్చ యను మూడు మెట్లు ఏర్పరచినది. ఎర్ర బంతి మామూలు బంతికన్న నూటికి 75 వంతులు నెమ్మది. నారింజ బంతి 50 వంతులు, ఆకుపచ్చ బంతి 25 వంతులు నెమ్మది. 2012 మొదలు పదేండ్లలోపు వారి పోటీలలో మామూలు పసుపు బంతి వాడరాదని నియమమే చేసినది.

ఎర్ర బంతి మెట్టునకు కావలసిన నేల 12 గజముల పొడవు, ఆరు గజముల వెడల్పు. అనగా 72 చదరపు గజములు. మన పట్టణమున పేదవాడు కట్టుకొను చిన్న యింటి జాగా యంతయే. వల, గజమునకు మూడు నాలుగు అంగుళములు తక్కువ ఎత్తున నుండవలయును. రెండు గుంజలు పాతి త్రాడు కట్టి, దానిపై పాత చీర వ్రేలాడవేసినను చాలును. రాకెట్టు కొనునప్పుడు మాత్రము "పెరుగు పిల్లవాడు గదా, రెండేండ్లు పనికివచ్చును" అని చొక్కా కొన్నట్లు పెద్దది కొనరాదు. పిల్లవానిని నిలువుగా నిలబెట్టి, చేయి ప్రక్కకు వ్రేలాడనిచ్చి రాకెట్టు పట్టించినచో, దాని కొన నేలను తాకీ తాకనట్లుండవలయును; ఈడ్చుకొనిపోవునంత పొడవైనచో అది వాని రాకెట్టు కాదు. ఎర్ర బంతి వయసువారికి 17 మొదలు 23 అంగుళములవరకు గలవి తగును.

"ఇక్కడ కోర్టులెక్కడివి, హైదరాబాదు నూరు కిలోమీటర్ల దూరము" అని నిట్టూర్చువారికి సానియా మీర్జా బాల్యమును జ్ఞాపకము చేయవలసియున్నది. మహిళల డబుల్సులో ప్రపంచమున మొదటి స్థానమును 2015లో అందుకొని, ఆరు గ్రాండ్‌స్లామ్ పట్టములు గెలిచిన ఆ హైదరాబాదు పడుచు, తాను ఆట మొదలిడిన దినములలో ఆవుపేడతో అలికిన కోర్టులపై ఆడితినని పలుమార్లు చెప్పినది. అలికిన నేల యన్నంతనే జహీరాబాదు రైతునకు కళ్లము మనసున మెదలక మానదు. మట్టి త్రొక్కించి, నీళ్లు చల్లి, పేడతో అలికి, జొన్న కంకులు పడిన తావున పెచ్చు లేవకుండ నునుపు చేయు విద్య మన తల్లులకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. పారిసు నగరమున ఫ్రెంచి ఓపెను జరుగు ఎర్రని కోర్టుల పైపొర యేమనుకొన్నారు? మెత్తగా నూరిన యిటుక పొడియే. నేల కొరతయని మనము చెప్పునది తరచుగా ఓపిక కొరత.

ఆరేండ్ల సానియాను నిజాం క్లబ్బునకు తీసికొనిపోయినప్పుడు, మరీ చిన్నపిల్ల యని శిక్షకుడు మొదట చేర్చుకొనుటకు సందేహించెనట. నెల తిరుగకమున్నే, ఈ వయసున ఇట్లాడు పిల్లను చూడలేదని ఆయనయే తల్లిదండ్రులకు కబురు చేసెనట. ఈ కథను చెప్పుకొను తండ్రులందరును రెండవ సగమునే పట్టుకొందురు; నెల దినములలో తమ బిడ్డను గురించియు అట్టి కబురు రావలెనని గడియారము చూచుకొందురు. నాకు మొదటి సగమే ముచ్చట గొలుపును: శిక్షకుడు సందేహించిన చోటనుండి బిడ్డను ఇంటికి మరలించుకొని పోక, అంగలార్చక, ఆడనిచ్చిన ఆ తల్లిదండ్రుల నిబ్బరము.

రెండవ పని, ఆ యొక్క యాటకే బిడ్డను కట్టివేయకుండుట. ఈ విషయమున మా ప్రాంతపు ఆడపడుచులకన్న మంచి గురువులు లేరు. పస్తాపురము చుట్టుపట్ల పల్లెలలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు ఒకే చేనిలో జొన్న, కంది, కొర్ర, అనుములు మొదలుగా ఎన్నో పంటలు కలిపి విత్తుదురు. సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై ఆ విత్తనములు పేర్చుకొని పాత పంటల జాతర సాగింతురు. వాన మొగము చాటేసిన యేడు ఒకటి పోయినను ఇంకొకటి చేతికి వచ్చునని వారి లెక్క. బాల్యమును కూడ అట్లే విత్తవలయును. చిర్రగోనె ఆడిన పిల్లవానికి గాలిలోనున్న వస్తువును కొట్టు నేర్పు అబ్బును. ఖోఖో ఆడినవానికి పరుగులో చటుక్కున మళ్లుట వచ్చును. ఈత వచ్చినవాని భుజము గట్టిపడును. రోజర్ ఫెదరర్ చిన్ననాట ఫుట్‌బాలు, బ్యాడ్మింటను మొదలగునవి ఎన్నో ఆడినవాడే. ఎనిమిదేండ్లకే దినమునకు మూడు గంటలు ఒకే చేయి, ఒకే భుజము, ఒకే త్రిప్పు త్రిప్పించినచో ఎదుగుచున్న ఎముకలు, కీళ్లు ఓర్వలేవు. మోచేయి నొచ్చుచున్నదని బిడ్డ యన్ననాడు "నాటకాలు జెయ్యకు" అని గద్దించినవాడు, మరుసటి నొప్పిని బిడ్డ తనతో చెప్పకుండ దాచుకొనుటకు తానే నేర్పినవాడగును.

మూడవ పని మిక్కిలి కష్టమైనది: శిక్షకుని పని శిక్షకునికి విడిచిపెట్టుట. "సానియాకు తండ్రి ఇమ్రాన్ మీర్జాయే నేర్పలేదా, విలియమ్స్ అక్కచెల్లెండ్రను తండ్రి రిచర్డే తయారు చేయలేదా" అని ప్రతివాదము వచ్చును. నిజమే. తండ్రి, గురువు ఒకే మనిషియందు ఇమిడిన గృహములు లోకమున కలవు. కాని అవి ఏకొద్దియో యని మరువరాదు. ఆంద్రే అగస్సీ తండ్రి పెరటిలో బంతులు విసరు యంత్రమునకు ఎదురుగా పసివానిని నిలబెట్టి వేల కొలది బంతులు కొట్టించెను. ఆ పిల్లవాడు ప్రపంచ విజేతయే యయ్యెను. అయి, 2009లో ప్రచురించిన ఆత్మకథలో తాను టెన్నిసును ద్వేషించితినని వ్రాసికొనెను. గెలిచినవాని నోటనే ఆ మాట వచ్చినప్పుడు, అదే పద్ధతిలో పెరిగి ఓడిపోయి, ఆత్మకథలు వ్రాయక మౌనముగా రాకెట్టు అటకపై పెట్టిన పిల్లల మాట యేమి? ఫెదరర్ తల్లి లినెట్ స్వయముగా ఆట తెలిసిన మనిషియై యుండియు కుమారునికి గురువు కాబూనలేదు. ఆట తెలిసిన తల్లియే ఆగినప్పుడు, యూట్యూబులో రెండు వీడియోలు చూచిన మనబోంట్లు "మోకాలు వంచు, భుజము త్రిప్పు" అని కంచె వెలుపలినుండి అరచుట ఎంతటి అవివేకము! శిక్షకుడొకటి, తండ్రియొకటి చెప్పినచో బిడ్డ రెండింటిని వదలి, ఎవరు ఎక్కువ కోపగించుకొందురో వారి మాట వినును.

మరి తండ్రి చేయవలసినదేమి? వేళకు నిద్ర, వేళకు తిండి. ఇంటి జొన్నరొట్టెయు పప్పును ఉండగా డబ్బాల పొడులకై వెదకనక్కరలేదు. మా వైపు వేసవి యెండ యెట్టిదో చెప్పనక్కరలేదు గనుక ఆట తెల్లవారుజామునకో ప్రొద్దు వాలిన పిదపకో మార్పించుట, తలకు టోపీ, చేతికి నీళ్ల సీసా. సంచి మాత్రము బిడ్డయే మోయవలయును. రఫేల్ నడాల్‌కు చిన్ననాట నేర్పిన పినతండ్రి టోనీ, అరిగిన బంతులతోను చెడిన కోర్టులపైనను ఆడించి, తప్పును సామగ్రిపై నెట్టు అలవాటు పడనీయలేదని ప్రసిద్ధి. కోపమువచ్చి రాకెట్టును నేలకు కొట్టి విరుగగొట్టని ఆటగాడని నడాల్‌కు పేరు వచ్చుట వెనుక ఆ పెంపకమే యున్నది.

ఆ నడాల్ పేర మన తెలుగునేలపైననే ఒక బడి యున్నదని ఎందరికి తెలియును? అనంతపురమున రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడాగ్రామములో ఆయన సంస్థ 2010లో ఒక టెన్నిసు పాఠశాలను తెరచినది. చుట్టుపట్ల కరవు పల్లెల పిల్లలు అచ్చట రాకెట్టుతోపాటు ఇంగ్లీషును, కంప్యూటరును నేర్చుకొందురు. విజేతలను పోతపోయుట వారి ప్రథమ లక్ష్యము కాదు. ఆట పేర బడికి వచ్చిన పిల్లవాడు చదువు విడువకుండుటయే వారి గెలుపు. వానకై ఆకాశము వంక చూచు ఆ నేలకును మన నేలకును పోలిక లేకపోలేదు. ఇక తెలుగు ఆటగాండ్ర మాటకు వచ్చినచో, వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని, సానియాతో జతకట్టి 2014 ఇంచియాన్ ఏషియన్ క్రీడలలో బంగారు పతకము తెచ్చెను. దానికి తొంబదియేండ్ల మునుపే, 1924 పారిసు ఒలింపిక్సులో హైదరాబాదు వాడైన ఎస్.ఎం. హాదీ టెన్నిసు ఆడెను. ఈ యాట మనకు పరాయిది కాదు. అయినను పతకము వచ్చునను ఆశపై రెండెకరములు అమ్మి బిడ్డను ఆటకు పంపు తండ్రి, బిడ్డ వీపున సంచితోపాటు ఆ రెండెకరములను గూడ ఎత్తుచున్నాడు. అంత బరువుతో ఏ పిల్లవాడు పరుగెత్తగలడు? చేతనైనంత ఖర్చే పెట్టవలయును. పెట్టినదానిని బిడ్డ చెవిని వేయరాదు.

ఆడపిల్లల విషయమున ఒక మాట. పండ్రెండు, పదమూడేండ్లు వచ్చునప్పటికి "ఇగ చాలు తియ్యి" అని రాకెట్టు గూటిలో పెట్టించు ఇండ్లు మా వైపున తక్కువ కావు. సానియా దుస్తులపై 2005లో దేశమంతయు రభస లేచినప్పుడు ఆమె వెనుక ఇల్లు గట్టిగా నిలబడినది. ఇరుగుపొరుగు గుసగుసలను తామే వినుచు, బిడ్డ చెవికి చేరనీయకుండుటయే ఆడపిల్ల తల్లిదండ్రులు ఈ యాటకు చేయగల పరమోపకారము.

ఇక ఓటమి. ముప్పదిరెండుగురు పిల్లలు చేరిన పోటీలో ముప్పదియొక్కరు ఓడిపోయియే ఇంటికి పోవుదురు. అందు పదునార్గురు మొదటి యాటలోనే. ఇది కూడిక తీసివేతల లెక్క. దీనిలో అవమానమునకు తావులేదు. అట్లయినను కోర్టు ద్వారము దాటుచున్న బిడ్డకు మనము వేయు మొదటి ప్రశ్న "గెలిచినవా?" అనియే, ఓడినచో "ఎట్ల ఓడినవ్రా, ఆ పిల్లగాడు నీకన్న చిన్నోడు గదా!" అని. ఆ ప్రశ్న వినిన పిల్లవాడు మరునాటినుండి బంతితో ఆడడు, ఆ ప్రశ్నతో ఆడును. దానికి మారుగా "ఆకలైందా, బిడ్డా?" అని అడిగి చూడుడు. తిన్న తరువాత, బస్సు ఎక్కిన తరువాత, ఏ సంగారెడ్డి దగ్గరనో పిల్లవాడే నోరు విప్పును. విప్పకున్నను కొంప మునగదు.

ఇంతయు ఇంటివారి పని. ఊరి పనియు కొంత యున్నది. గ్రామగ్రామమున తెలంగాణ క్రీడా ప్రాంగణములు నెలకొల్పుటకు రాష్ట్ర ప్రభుత్వము 2022లో పూనుకొన్నది. అట్టి ప్రాంగణములలో ఒక మూల 72 చదరపు గజములు చదును చేసి సున్నపు గీతలు గీయుటకు పెద్ద బడ్జెటు అక్కరలేదు. పెద్ద కోర్టే యున్న చోట, దాని వెడల్పు ప్రక్క గీతలతో కలిపి సరిగా 12 గజములే గనుక, అడ్డముగా గీతలు గీసి ఒకేసారి నాలుగు జంటల పసివారిని ఆడింపవచ్చును. ప్రభుత్వ పాఠశాలలలో బంతి కొట్టుకొనుటకు ఒక గోడయు, ఆ గోడపై గజమెత్తున ఒక తెల్లని గీతయు ఉన్నచో అదియే మొదటి గురువు. గోడ అలసిపోదు, కోపగించుకొనదు, ఎట్లు కొట్టిన బంతిని అట్లే తిరిగి యిచ్చును. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి అడిగినచో పురపాలకులు, సర్పంచులు ఈపాటి పని కాదనరు.

ఎండకాలము మొదట్లో మరల ఒక పోటీకి పోయితిమి. ఈసారి నేను కంచె దగ్గరకు పోలేదు. కోర్టుకు దూరముగా నున్న వేపచెట్టు క్రింద, అటు వీపు పెట్టి, కూర్చుంటిని. అచ్చటినుండి బంతి చప్పుడు తప్ప మరేమియు తెలియదు. వీపు త్రిప్పి కూర్చుండుట ఎంత కష్టమో ఆ గంటన్నరలో తెలిసివచ్చినది. చేతులకు పని కావలెనని రాలిన వేపాకులు ఏరి కుప్ప పెట్టితిని. నడుమ ఒకసారి చప్పుడు ఆగినది. అవతలి పిల్ల గొంతు, "అది ఔటా?" అని అడిగినది. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. తల త్రిప్పవలెనని నా మెడ నరములన్నియు లాగినవి. పిదప మా పిల్ల గొంతు వినవచ్చినది: "నేను జూడలే. నీదే పాయింటు."

బంతి చప్పుడు మరల మొదలైనది. నేను వేపాకులు ఏరుకొనుచు కూర్చుంటిని.